ఎవరి చేతి గింజ మొలిచింది?

తెలిసినవీ విన్నవీ

ఎనభైల చివరి నుంచి రెండు వేల సంవత్సరం దాటేదాకా సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య పల్లెల్లో అంగన్‌వాడీ కేంద్రాలకు సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి ఆ ప్రాంతంలో ఇప్పటికీ కథలా తిరుగుతోంది. తిరిగిన కొద్దీ దానికి కొమ్మలు మొలిచాయి. అందుకే ఏది నాకు ఖచ్చితంగా తెలుసో, ఏది నా చెవిన పడిందో ముందే విడదీస్తాను.

చిట్కుల్‌కు అవతల ఒక ఊళ్ళో పద్మ అనే అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చింది. అది నిజం. దానికి కారణం పిల్లల చేత గింజలు వేయించడం. అదీ నిజం. ఎన్ని గింజలు వేశాం, ఏ రోజు ఎన్ని మొలిచాయి అన్నది నా నోటుపుస్తకంలో ఉంది కనుక దాన్ని ధైర్యంగా చెప్పగలను. ఆ తరువాత పద్మ నాటిన అనుము తీగ నెల తిరక్కుండా కేంద్రం కప్పెక్కిందంటారు. నేను చూడలేదు. ఆ ఊరి రత్నమ్మ వచ్చి పద్మ చేతులు పట్టుకొని ఏడ్చిందంటారు. నేను అక్కడే ఉన్నాను, ఆమె ఏడవలేదు. మూఢనమ్మకాల మీద నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చానని కూడా అంటారు. ఆ రోజు నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడినట్టు గుర్తు లేదు.

ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. మిగిలినదంతా జరిగినట్టే రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఉపయోగపడాలని నా ఉద్దేశం.

పటంలోని సూర్యుడు

నేను చదివింది వృక్షశాస్త్రం. ఉద్యోగం వచ్చేటప్పటికి మూడేళ్ళ పిల్లలకు మొక్క గురించి చెప్పడం చాలా తేలిక అనుకున్నాను. మాకు ఇచ్చిన పటంలో ఒక గింజ, దాని మీద ఒక మేఘం, పక్కన నవ్వుతున్న సూర్యుడు ఉండేవి. గింజ మొలవాలంటే నీరు, గాలి, ఎండ కావాలని పిల్లలు పాటలా చెప్పాలి. ఏ కేంద్రానికి వెళ్ళినా పిల్లలు చక్కగా చెప్పేవారు. నేను తృప్తిగా రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చేదాన్ని.

సంగారెడ్డిలో టీచర్లకు శిక్షణ జరుగుతున్నప్పుడు ఆ తృప్తి పోయింది. వెనుక వరుసలో కూర్చున్న సన్నటి అమ్మాయి లేచి నిలబడింది. ఆమే పద్మ. పెళ్ళయి ఆ ఊరికి వచ్చి రెండేళ్ళు.

"మేడం, ఒక్క మాట అడుగుత, తిట్టొద్దు. మా ఇంట్ల పెసలు నానవెట్టి, మూటగట్టి, కుండల వెట్టి మూతేస్తం. రెండోనాటికి మొలకలొస్తయి. ఆ కుండలకు ఎండ ఏడికెళ్ళి వచ్చింది?"

పక్కనున్న టీచరు అందుకుంది. "సూర్యుణ్ని గూడ మూటగట్టినవా ఏందే పద్మా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె చెప్పింది నాకు డిగ్రీ మొదటి సంవత్సరం నుంచీ తెలుసు. గింజ తనలో దాచుకున్న తిండితోనే మొలుస్తుంది. ఆకు వచ్చాక కదా వెలుతురుతో పని. తెలిసి కూడా పటంలో ఉన్నదాన్ని రెండేళ్ళు చెప్పించాను, ఎందుకంటే అది అచ్చులో ఉంది. ఆ రోజు అందరి ముందు సుద్దముక్కతో పటంలోని సూర్యుణ్ని కొట్టేశాను. మీరు కూడా ఏ పటాన్నయినా పిల్లల ముందు పెట్టే ముందు వంటింట్లోకి వెళ్ళి ఒకసారి సరిచూసుకోండి.

చూసే గింజ, ఉంచే గింజ

పద్మ కేంద్రానికి నెలకు రెండుసార్లయినా వెళ్ళేదాన్ని. అది నాకు ఇష్టమైన కేంద్రం. ఇలాంటి ఇష్టం సూపర్‌వైజర్‌కు ఉండకూడదు, కాని ఉండేది. ఒకే గది, ముందు చిన్న వాకిలి, వాకిలి చివర బోరింగు పంపు. పిల్లల తండ్రుల్లో సగం మంది పొలాల్లో, సగం మంది ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉండేవారు.

అక్కడ మమత అనే నాలుగేళ్ళ పిల్ల నాటిన గింజను ప్రతిరోజూ తవ్వి తీసేది. పద్మ కోప్పడితే, "నేను తియ్యలే. అదే బయటికొచ్చింది" అనేది.

ఎందుకు తీశావని నేను అడిగాను.

"లేసిందా ఇంక పండుకున్నదా సూస్తున్న."

గింజ మట్టిలో నిద్రపోతోందని ఆ పిల్లకు చెప్పింది నేనే. నిద్రపోతున్నవాళ్ళు లేచారో లేదో చూడాలనుకోవడంలో తప్పేముంది? అప్పటినుంచి రెండు పద్ధతులు మార్చాం. గింజ నిద్రపోతుంది, మొక్క ఏడుస్తుంది వంటి మాటలు మానేశాం. ప్రతి పిల్లకూ రెండు గింజలు ఇచ్చాం. ఒకటి గాజు గ్లాసు గోడకూ తడిబట్టకూ మధ్య ఉంటుంది, అది చూసే గింజ. రెండోది మట్టిలో ఉంటుంది, అది ఉంచే గింజ. మమత చూసే గింజను తీసి, వాసన చూసి, నాకి, మళ్ళీ పెట్టేది. వేరు ముందు కిందికి వస్తుందనీ ఆకు తరువాత పైకి వస్తుందనీ ఆమె ఎవరూ చెప్పకుండానే చెప్పింది. ఈ వయసు పిల్లలకు పాఠం చెప్పడమంటే ఇంతే. చెయ్యి పెట్టనివ్వాలి, మనం నోరు మూసుకోవాలి. రెండోది కష్టం.

రత్నమ్మ అరుగు

మరుసటి ఏడాది హైవే మీద లారీ ఢీకొని పద్మ భర్త చనిపోయాడు. ఆమెకు అప్పటికి పిల్లలు లేరు. అత్తగారిని చూసుకోవలసిన బాధ్యత మాత్రం ఉంది. నెల తరువాత పనిలోకి వచ్చింది. వానాకాలం మొదలైంది. ఎప్పటిలాగే పిల్లలందరి చేతికీ గింజలు ఇచ్చింది. మర్నాడు పాతికమంది పిల్లల్లో ఐదుగురే వచ్చారు.

మమత రాలేదు. ఆమె నాయనమ్మే రత్నమ్మ. పాత రైతు కుటుంబం. కొడుకు ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు, సేద్యం మాత్రం రత్నమ్మ చూసేది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పొలంలో మొదటి గింజను మంచి చెయ్యి ఉందని పేరున్న ముత్తైదువ వేయాలి. సగం ఊరు రత్నమ్మనే పిలిచేది. భర్త పోయిన మనిషిని విత్తనం ముట్టనిచ్చేవారు కాదు.

నేను ఆమె అరుగు మీద కూర్చున్నాను.

"చాయ్ తాగుతవా బిడ్డా?"

"తాగుతానమ్మా. మమతను ఎందుకు పంపలేదు?"

"పంపుత. అన్నం తినేటందుకు పంపుత, ఆటకు పంపుత. గింజ ముట్టేటందుకు పంప. పద్మ మంచి పిల్లనే, నాకేం పగ? కాని ఇప్పుడామె చేతికెళ్ళి విత్తనం రావద్దు. నా చెయ్యి ఇన్నేండ్లల్ల ఎన్నడన్న తప్పిందా, ఊర్ల అడుగు."

"వాన పడని ఏడు కూడానా?"

"వాన పడకుంటె చెయ్యేం జేస్తది? పిచ్చి మాట."

"మరి వానే మొలిపిస్తుంటే చెయ్యెందుకమ్మా?"

"సదువుకున్నోళ్ళతోని గిదే పరేషాన్," అంది రత్నమ్మ. "చాయ్ సల్లారుతుంది, తాగు."

ఊరు మా ప్రాజెక్టు అధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. గొడవ లేని రోజే మంచి రోజని నమ్మినవాడు. "అంగన్‌వాడీ టీచరంటే ఆ ఊరి మనిషి అయి ఉండాలి, వేరే ఊరికి మార్చలేం. ఊరే వద్దంటే తీసెయ్యాల్సిందే. సైన్సు మీ దగ్గర ఉంటది మేడం, ఊరు నా దగ్గరికొస్తది" అన్నాడు. నెలాఖరుదాకా ఆగమన్నాను. నిరూపిస్తానన్నాను. ఎలాగో అప్పటికి ఆలోచించలేదు.

మొదటి పరీక్ష

రెండు మట్టి మూకుళ్ళు తెచ్చాను. ఒకే సంచిలోని అనుములు, ఒకే చోటి మట్టి. మూకుడుకు పది గింజలు. ఒకదానిలో పద్మ, ఒకదానిలో రత్నమ్మ ఊరందరి ఎదుట గింజలు వేశారు. రత్నమ్మ ఒక షరతు పెట్టింది.

"నా మూకుడు మా ఇంట్ల ఉంటది. ఈ గదిలకు తేను."

ఒప్పుకున్నాను. ఆమె వచ్చిందే చాలనుకున్నాను. నేను ఓడిపోయింది ఆ క్షణాన్నే. ఒక మూకుడు ఆమె అరుగు మీద, ఇంకొకటి కేంద్రంలో. ఎవరి నీళ్ళు వారివి, ఎవరి ఇష్టం వారిది. కాలేజీలో ఇలాంటి ప్రయోగం ఎవరైనా చేసి తెస్తే చింపి పారేసేదాన్ని. కాని నాకు ఫలితం ముందే తెలుసుననుకున్నాను. ఫలితం ముందే తెలుసుననుకున్నవాళ్ళు జాగ్రత్తలు తీసుకోరు.

ఎనిమిదో రోజు ఊరంతా కేంద్రం ముందు చేరింది. రత్నమ్మ మూకుడు మీది బట్ట తీసింది. తొమ్మిది మొలకలు, వేలెడెత్తున నిలబడి ఉన్నాయి. పద్మ మూకుట్లో ఒక్కటే ఉంది, అదీ వంగిపోయి.

"రాసుకో మేడం, బుక్కుల రాసుకో," అన్నాడు గుంపులోంచి ఒకాయన. నవ్వులు వినిపించాయి. రాసుకున్నాను. తొమ్మిది, ఒకటి.

రత్నమ్మ నవ్వలేదు. "నేను ముందే చెప్పిన బిడ్డా. ఆ పిల్లను నలుగుర్ల నిలవెట్టింది నువ్వే," అంది. అందులో అబద్ధం లేదు.

పద్మ లోపలికి వెళ్ళి రిజిస్టరు, తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది. "తీసుకోండ్రి మేడం. నిజంగనే నా చేతిలనే ఏదో ఉన్నట్టున్నది."

కుండలో ఎండ ఎక్కడిదని అడిగిన మనిషి ఆమె. ఆ మాట ఆమె నోట వినడం కంటే ఉద్యోగం పోయిందన్న మాట వినడం నాకు తేలికయ్యేది.

అప్పుడు, నాయనమ్మతో వచ్చిన మమత తన పాత పని మొదలుపెట్టింది. ఎవరూ చూడనప్పుడు పద్మ మూకుట్లో వేలు పెట్టి గింజను తవ్వి తీసింది.

"నాయనమ్మా, గిది కంపు గొడుతుంది."

తీసుకొని చూశాను. గింజ ఉబ్బింది, తోలు చిట్లింది, ఆ పైన మెత్తబడి కుళ్ళింది. అంటే మొలవడానికి బయలుదేరి మధ్యలో చచ్చింది. మిగతా ఎనిమిదీ తీశాను. అన్నీ అంతే.

"పద్మా, నీళ్ళు ఎన్నిసార్లు పోశావు?"

"పొద్దుగాల ఒకపారి, పిల్లలొచ్చినంక ఒకపారి, పోయేటప్పుడు ఒకపారి. మొలుస్తయో లేదో అని దిల్ ఆగలే మేడం. బోరింగు పక్కకే ఉన్నది, పోసుకుంట పోయిన."

"మీరమ్మా?"

"ఏసిన నాడు పోసిన. మూడోనాడు జెరన్ని సల్లిన. మా బాయి నీళ్ళు," అంది రత్నమ్మ.

తప్పు నాదనీ, ఇది సరైన పరీక్ష కాదనీ, మళ్ళీ చేద్దామనీ అన్నాను.

"ఓడినంక ఆట మళ్ళ మొదటికెళ్ళి ఆడుతరా మేడం?" అన్నాడు ఇందాకటాయన.

రత్నమ్మ వైపు తిరిగాను. "మీ చెయ్యి అంత మంచిదైతే పక్కన ఎవరి గింజ ఉంటే ఏమవుతుందమ్మా? భయమా?"

"నాకా భయం? ఏడ పెట్టాల్నో చెప్పు," అంది.

రెండో పరీక్ష

ప్రాజెక్టు అధికారి ఇంకో పది రోజులు ఇచ్చాడు. ఈసారి ఏదీ ఎవరి ఇష్టానికీ వదలలేదు. ఒకే తీరు మట్టి ముంతలు పన్నెండు. పద్మ ఆరింటిలో, రత్నమ్మ ఆరింటిలో గింజలు వేశారు. ఎవరు వేశారో ముంత అడుగున బొగ్గుతో గుర్తు పెట్టాను. ఇద్దరినీ బయటికి పంపి, పిల్లల చేత ముంతల చోట్లు మార్పించాను. మమత నాలుగుసార్లు మార్చింది, ఆపితే ఏడ్చింది. అన్నీ ఒకే కిటికీ కింద ఉంచాం. నీళ్ళు కూడా ఒకటే ఉండాలని సంగారెడ్డిలో మా ఇంటి నల్లా నీళ్ళు క్యానులో తెచ్చి పెట్టాను. రోజు విడిచి రోజు, ముంతకు ఒక చిన్న గరిటెడు. నీళ్ళు పోసేది పిల్లలు, పద్మ చెయ్యి తాకదు. గదికి రెండు తాళాలు వేశాం, రెండోది రత్నమ్మది.

తొమ్మిదో రోజు మళ్ళీ అందరూ వచ్చారు. పన్నెండు ముంతల్లోనూ మొలకలు ఉన్నాయి. అంతటితో ఆపవచ్చు. ఆపితే, రత్నమ్మ చెయ్యి పక్కనున్నందువల్ల పద్మవీ మొలిచాయని ఎవరో ఒకరు అంటారు. అందుకే అడిగాను.

"అమ్మా, ముంతలు తిప్పకముందు మీ ఆరూ ఏవో తీసి పక్కన పెట్టండి. మీ చేతివి మీకు తెలియకుండా ఉంటాయా?"

ఆమె కూర్చుంది. చాలాసేపు చూసింది. ఏపుగా ఉన్నవి ఆరు ఏరి తన ముందు పెట్టుకుంది. ఒక్కొక్కటే తిప్పాను. మూడు ఆమెవి, మూడు పద్మవి.

మమత పద్మ ముంతలను వేలితో చూపించింది. "నాయనమ్మా, గవ్వి టీచర్‌వి, నువ్వెందుకు తీసుకున్నవ్?" అంది.

ముందు నవ్వింది రత్నమ్మే. "ఇన్నేండ్లు ఊరి పొలాలకు చెయ్యిచ్చిన. నా చేతి గింజను నేనే గుర్తువట్టలేకపోతి," అంది. ఆ మూడు ముంతలను పద్మ వైపు జరిపింది. "తీస్కో. నీ సొమ్ము నాకెందుకు? పిల్లను రేపటికెళ్ళి తోలిస్త."

గుంపులోని ఆయన వైపు చూసి, "ఏందిరా, బుక్కుల రాయుమంటివి గదా, ఇప్పుడు చెప్పు రాయుమని," అంది.

పద్మ ఉద్యోగం నిలిచింది. నేను ఆ ప్రాంతం విడిచిపెట్టేదాకా ఆమె అదే కేంద్రంలో ఉంది, ఏటా పిల్లల చేత గింజలు వేయించింది. రత్నమ్మ మనసు పూర్తిగా మారిందని చెప్పలేను. పొలంలో మొదటి గింజ ఆ ఏడు కూడా ఆమే వేసింది. నాకు కావలసింది ఒక టీచరు ఉద్యోగం, ఒక గది నిండా పిల్లలు. అవి దక్కాయి. మీరు కూడా ఊరి నమ్మకాలన్నిటినీ ఒకేసారి గెలవాలని బయలుదేరకండి. పిల్లలకు అడ్డం వచ్చినదాన్ని పట్టుకోండి, దాన్ని సరిగ్గా పరీక్షించండి, తొందరపడి ఒక్క మూకుడు మీద మనిషి బతుకును పెట్టకండి.

జవాబు లేనిది

అందరూ వెళ్ళిపోయాక రత్నమ్మ ఆగి ఒక ప్రశ్న అడిగింది.

"చేతిల ఏం లేదంటివి, మంచిది. అయితె మొదటి మూకుట్ల గింజలు ఎందుకు మురిగినయి బిడ్డా?"

"నీళ్ళు ఎక్కువయ్యాయమ్మా."

"అంతేనా?"

"అంతే."

ఆ రోజు అక్కడ అడగవలసిన ప్రశ్నను అడిగింది ఆమె. సరిచూడకుండా జవాబు చెప్పింది నేను. రెండో పరీక్షలో నేను ఒకేసారి రెండు మార్చాను. నీళ్ళు తగ్గించాను, నీళ్ళనే మార్చాను. బోరింగు నీళ్ళు తీసేసి మా ఇంటి నల్లా నీళ్ళు పెట్టాను. చేతిని పరీక్షించడానికి అది సరిపోయింది. గింజలు మురగడానికి కారణం తేల్చడానికి సరిపోదు. పద్మ ఎక్కువగా పోసినందువల్ల చచ్చాయా, పోసిన నీళ్ళ వల్ల చచ్చాయా? నాకు తెలియదు. అంతకుముందు గానీ ఆ తరువాత గానీ కేంద్రంలో మొలిచిన గింజలకు ఏ నీళ్ళు పోశారో నా నోటుపుస్తకంలో లేదు. మట్టి మూకుడుకు అడుగున రంధ్రం ఉండదు, రోజుకు మూడుసార్లు పోస్తే ఏ నీళ్ళతోనైనా కుళ్ళవచ్చు. ఇది బలమైన వాదనే. అయినా వాదన వాదనే, పరీక్ష కాదు.

ఫ్యాక్టరీల వల్ల ఆ చుట్టుపక్కల భూగర్భ జలం పాడైందని ఎన్నో మాటలు నా చెవిన పడేవి. వాటిని ఇక్కడ సాక్ష్యంగా తీసుకురాను. ఆ ఒక్క బోరింగు గురించి మాత్రం నేను తెలుసుకోగలిగి ఉండేదాన్ని. ఇంకో రెండు ముంతలు, పది గింజలు, ఒక గరిటె, ఎనిమిది రోజులు. అన్నీ నా దగ్గర ఉన్నాయి. పద్మ ఉద్యోగం నిలిచింది గనుక నేను అడగడం ఆపేశాను. చాలా ఏళ్ళకు నోటుపుస్తకం తిరగేస్తుంటే ఈ లోపం కనబడి ఆ ఊరు వెళ్ళాను. బోరింగును పీకేసి, గొయ్యి పూడ్చి, దాని మీద సిమెంటు వేశారు. ఎందుకు పీకారని అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు.

పద్మ అక్కడ చేరినప్పటినుంచి ఆ కేంద్రంలో పిల్లలు మధ్యాహ్నం అన్నం తిన్నాక తాగినవి ఆ నీళ్ళే.